బొమ్మలు వేయడం రాని టీచర్ పాఠంలోకి కళలను ఎలా తేవాలి?

ప్రశ్న అడిగినవారు టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నారు. త్వరలో టీచింగ్ ప్రాక్టీస్ మొదలవుతుందట. బొమ్మలు వేయడం, పాడటం, నటించడం ఏవీ తమకు రావని, అయినా పాఠాల్లో కళలను వాడి తీరాలంటున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు.

నేను చాలా ఏళ్ళు సైన్సు, లెక్కలు చెప్పాను. ఇప్పుడు ట్రైనీలు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూడటం, తర్వాత వాళ్ళతో మాట్లాడటం నా పని. నాకూ బొమ్మలు రావు. నేను బోర్డు మీద వేసిన ఆవును పిల్లలు కుక్క అనుకున్న రోజులున్నాయి. కాబట్టి ముందు ఆ భయం పక్కన పెట్టండి. క్లాసులో బొమ్మలు వేయాల్సింది పిల్లలు, మీరు కాదు.

నాకు ఎక్కువగా కనబడే పాఠం ఇలా ఉంటుంది. పీరియడంతా మామూలుగా చెప్పేసి, చివరి పది నిమిషాల్లో 'ఇప్పుడు పువ్వు బొమ్మ వేసి రంగులు వేయండి' అంటారు. పిల్లలు హాయిగా రంగులు వేస్తారు, చార్టు గోడకెక్కుతుంది, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. కానీ ఆ పువ్వు బొమ్మకు రంగు వేయడానికి పరాగసంపర్కం గురించి ఒక్క ముక్క తెలియక్కర్లేదు. అందుకే ట్రైనీలను నేను ఒకటే అడుగుతాను: పాఠం అర్థం కాని పిల్లవాడు కూడా ఈ పని పూర్తి చేసేయగలడా? చేయగలిగితే అది అలంకారమే. సరదాకి ఉండొచ్చు, తప్పేం లేదు, కానీ దాన్ని బోధన అనలేం. ఎక్కడో ఒకచోట ఆగి, ఆలోచించి, పాఠం గురించి ఒక నిర్ణయం తీసుకుంటే తప్ప పని ముందుకు సాగదంటే, మీరు సరైన చోట ఉన్నట్టే.

చీమ బొమ్మ సంగతి చెబుతాను. చీమకు ఆరు కాళ్ళని అందరు పిల్లలకూ తెలుసు, అడిగితే కోరస్‌గా చెబుతారు. ఏమీ చూడకుండా చీమ బొమ్మ వేయమనండి. తల, మధ్య భాగం, పొట్ట అని మూడు గుండ్రాలు గీసి, చాలామంది కాళ్ళను మూడింటికీ సమానంగా పంచేస్తారు. కొందరు అన్నీ పొట్టకే తగిలిస్తారు. మీరేం దిద్దకండి. ఇప్పుడు భూతద్దమో, దగ్గరగా తీసిన పెద్ద ఫోటోనో ఇచ్చి, మొదటి బొమ్మ పక్కనే రెండోది వేయించండి. ఆరు కాళ్ళూ మధ్య భాగం నుంచే వస్తాయని వాళ్ళే కనిపెడతారు. 'మరి పొట్టకి ఒక్క కాలు కూడా లేదేంటి?' అని ఎవరో ఒకరు అడుగుతారు. కీటకాల శరీర నిర్మాణం మీద మీ పాఠం అక్కడ మొదలవ్వాలి. రంగులు వద్దు, పెన్సిల్ చాలు. టైమ్ కూడా తక్కువ ఇవ్వండి, అప్పుడు బాగా గీసేవాళ్ళకీ గీయలేనివాళ్ళకీ తేడా పెద్దగా కనబడదు. ఒక్క బొమ్మ వేయిస్తే డ్రాయింగ్ క్లాసు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టిస్తే పిల్లవాడు తనకేం తెలుసనుకున్నాడో, అసలేం ఉందో తనే పోల్చుకుంటాడు.

గీయడమంటే చూడటం నేర్చుకోవడమే అనడానికి సైన్సులోనే మంచి ఉదాహరణ ఉంది. 1609లో ఇంగ్లండ్‌లో థామస్ హ్యారియట్ అనే గణిత శాస్త్రజ్ఞుడు టెలిస్కోపుతో చంద్రుణ్ణి చూసి బొమ్మ వేశాడు. కొన్ని నెలల తర్వాత గెలీలియో కూడా వేశాడు. హ్యారియట్ బొమ్మలో వెలుగు నీడలను విడదీసే గీత గరుకుగా ఉంది, అంతే. గెలీలియోకి వెలుగునీడలతో బొమ్మలు వేసే అలవాటుంది కాబట్టి చంద్రుడి మీద కనబడే మచ్చలు కొండల నీడలని పట్టుకోగలిగాడని కళాచరిత్రకారులు కొందరు అంటారు. 'ఈ బొమ్మలెందుకు, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?' అని హెడ్ టీచర్ అడిగితే ఈ కథ పనికొస్తుంది. నాకైతే ఒకటి రెండుసార్లు పనికొచ్చింది.

నటన దగ్గరికొద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. నాటకం అనగానే డైలాగులు, వేషాలు, వార్షికోత్సవం అనుకుంటారు. అవేవీ అక్కర్లేదు. ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠంలో పిల్లల్నే అణువులుగా నిలబెట్టండి. 'మీరు ఘన పదార్థం' అనగానే అందరూ శిలల్లా బిగుసుకుపోతారు. ఘనంలో అణువులు కదలవని వాళ్ళు అనుకుంటున్నట్టు మీకు తెలిసిపోయింది. నిజానికి అవి ఉన్నచోటే కంపిస్తుంటాయి. తర్వాత 'వేడి చేస్తున్నాను, వ్యాకోచించండి' అనండి. కొందరు బుగ్గలు పూరిస్తారు, చేతులు చాపి లావవుతారు. అంటే వేడికి అణువే ఉబ్బుతుందని వాళ్ళ నమ్మకం. అణువు ఉబ్బదు, కదలిక పెరిగి అణువుల మధ్య దూరం పెరుగుతుంది. ఈ అపోహ రాత పరీక్షలో దొరకదు. 'వేడి చేస్తే పదార్థాలు వ్యాకోచిస్తాయి' అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడే ఇక్కడ బుగ్గలు పూరించి నిలబడతాడు.

ఇంకాస్త ముందుకెళ్ళాలంటే నీరు గడ్డకట్టడం చేయించండి. నీళ్ళుగా ఉన్నప్పుడు ఒకరినొకరు రాసుకుంటూ తిరిగిన పిల్లలు, మంచు కాగానే చేతులు బారుగా చాపి ఒకరి చేయి ఒకరు పట్టుకుని స్థిరపడాలి. నీళ్ళుగా ఉన్నప్పుడు ఒకసారి, మంచు అయ్యాక మరోసారి వాళ్ళు ఆక్రమించిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. రెండోది నీళ్ళప్పటి గీత కంటే పెద్దదిగా వస్తుంది. గడ్డకట్టినప్పుడు నీటి ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుందని, అందుకే మంచు తేలుతుందని తర్వాత చెబితే ఎవరికీ ఆశ్చర్యంగా ఉండదు, ఎందుకంటే నేల మీద గీత కనబడుతోంది. సగం మంది అణువులుగా ఉంటే మిగతా సగం మందిని చుట్టూ నిలబెట్టి, ఏది తప్పుగా చేస్తున్నారో కనిపెట్టమనండి. గది చిన్నదైనా, పిల్లలు ఎక్కువైనా ఇలా నడిచిపోతుంది. చూసేవాళ్ళే ఎక్కువ నేర్చుకుంటారేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం.

చంద్రుడి భ్రమణం కూడా ఇలాగే. భూమి పాత్రలో ఒకరు మధ్యలో నిలబడతారు. చంద్రుడు పాత్రధారి ఎప్పుడూ భూమి వైపే ముఖం పెట్టి చుట్టూ ఒకసారి నడవాలి. తర్వాత 'నీ చుట్టూ నువ్వు తిరిగావా?' అని అడగండి. లేదంటాడు. 'మరి ఏయే గోడలు చూశావు?' అంటే నాలుగూ చూశానంటాడు. అక్కడ క్లాసంతా ఒక్క క్షణం ఆగుతుంది. రెండో రౌండులో ముఖం ఒకే గోడ వైపు ఉంచి తిరగమంటే, భూమి పాత్రధారికి దారిలో వీపు కనబడుతుంది. భూమి చుట్టూ ఒకసారి తిరగడానికీ తన చుట్టూ తాను తిరగడానికీ చంద్రుడికి ఒకే కాలం, దాదాపు 27.3 రోజులు పడుతుందన్న వాక్యాన్ని ఇక బట్టీ పట్టించక్కర్లేదు.

పాడటం రాదన్నారు. చప్పట్లు కొట్టడం వచ్చుగా? అందరూ ఒకే వేగంతో అంకెలు లెక్కపెడుతుంటే ఒక జట్టు ప్రతి మూడో అంకెకి, మరో జట్టు ప్రతి నాలుగో అంకెకి చప్పట్లు కొట్టాలి. 12 దగ్గర రెండు జట్లూ కలుస్తాయి. 'మూడు నాలుగులు పన్నెండు, అందుకే' అని పిల్లలు సూత్రం కట్టేస్తారు. కట్టనివ్వండి. ఇప్పుడు నాలుగు, ఆరు ఇవ్వండి. 24 దగ్గర కలుస్తాయని గట్టిగా చెప్పినవాళ్ళకి 12 దగ్గరే పెద్ద చప్పట్లు వినబడతాయి. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటే రెండు సంఖ్యల లబ్ధమే కానక్కర్లేదని చెవులతో తెలుసుకున్నాక, ఎందుకలా అన్న చర్చకు వాళ్ళే తొందరపెడతారు.

ఇవేవీ చేసే ధైర్యం ఇంకా లేదనుకోండి, బొమ్మను చూపించడంతో మొదలుపెట్టండి. మనస్తత్వవేత్త అబిగైల్ హౌసెన్, న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్ కలిసి రూపొందించిన పద్ధతి ఒకటుంది. మూడే ప్రశ్నలు: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? అలా అనిపించడానికి నీకు ఏం కనబడింది? ఇంకా ఏం కనిపెట్టగలం? రెండో ప్రశ్నే అసలు ఇరుసు. ఆధారం చూపించి మాట్లాడటం అలవాటైన పిల్లవాడు భాషలోనూ, సైన్సులోనూ అలాగే మాట్లాడటం చూశాను. మీ వంతు కష్టం ఒకటే: మంచి జవాబు రాగానే 'శభాష్, అదే కరెక్ట్' అనకుండా నోరు కట్టుకోవడం. అలా అన్నారో, మిగతా పిల్లలు ఇక వెతకరు.

సాంఘిక శాస్త్రంలో నా సొంత అనుభవం తక్కువ కాబట్టి ఆ సబ్జెక్టు వాళ్ళకి క్లుప్తంగా చెబుతాను. బ్రెజిల్ నాటక దర్శకుడు ఆగస్టో బోల్ వాడిన కదలని దృశ్యాల పద్ధతి బాగా పనిచేస్తుంది. నలుగురు పిల్లలు ఒక సంఘటనను బొమ్మల్లా నిలబడి చూపిస్తారు, మీరు ఒకరి భుజం తడితే ఆ పాత్ర మనసులో మాట ఒక్క వాక్యంలో చెబుతారు. బ్రిటిష్ ఉపాధ్యాయురాలు డొరతీ హీత్‌కోట్ పద్ధతిలో పిల్లలు నిపుణుల పాత్ర తీసుకుంటారు, వరద వచ్చే నది మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే ఇంజనీర్ల బృందంలాగా. ఒక్క జాగ్రత్త. బానిసత్వం, మారణకాండ లాంటి పాఠాల్లో పిల్లల చేత బాధితుల, హింసించేవాళ్ళ పాత్రలు వేయించకండి. సరదా అయిపోతుంది, లేదా ఎవరో ఒకరి మనసు గాయపడుతుంది. అలాంటిచోట ఉత్తరం రాయించడం, ఒక ఫోటోను నిదానంగా చూడటం మేలు.

ట్రైనింగ్‌లో మీకు చెప్పే ఒక మాట గురించి నా అభిప్రాయం. 'కళలు పెడితే అన్ని సబ్జెక్టుల్లో మార్కులు పెరుగుతాయి' అంటారు. అంత సులువుగా నమ్మకండి. 2000లో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ అనే అమెరికన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పోగేసి చూస్తే, క్లాసులో నాటకీకరణ భాషా నైపుణ్యాలను పెంచుతుందనడానికి గట్టి ఆధారం దొరికింది, ఇంకా చాలా వాదనలకు దొరకలేదు. 2016లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పదాలను పదే పదే రాయడం కంటే వాటికి బొమ్మ వేస్తే బాగా గుర్తుంటాయని చూపించారు. ఉపయోగం ఉంది, కాకపోతే ఏ పని దేనికి ఉపయోగమో చూసి వాడాలి.

మార్కుల సంగతి ముందే తేల్చుకోండి. అందానికి మార్కులు ఇచ్చారంటే, బాగా గీసే ఇద్దరు ముగ్గురు తప్ప మిగతావాళ్ళు రెండోసారి మనసు పెట్టి చేయరు. 'కాళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తాను, కొలతల పోలిక చూస్తాను' అని పని మొదలుపెట్టకముందే చెప్పండి. బొమ్మ కింద రెండు వాక్యాలు రాయించండి. గీసింది అర్థం కాకపోయినా ఆ వాక్యాల్లో అంతా తెలుస్తుంది. కళ్ళు కనబడని పిల్లలుంటే మట్టితో చీమను చేయించండి, కాళ్ళు అతికించేటప్పుడు అదే ప్రశ్న వాళ్ళకీ ఎదురవుతుంది. నటించడానికి సిగ్గుపడే పిల్లల్ని బలవంతంగా లాగకండి. తప్పులు పట్టే పరిశీలకుడి పని ఇస్తే వాళ్ళంత నిక్కచ్చిగా ఎవరూ చేయరు.

గోల అవుతుంది. అవ్వాలి కూడా. అయితే ఆగమనే సంకేతం పని మొదలయ్యాక వెతుక్కోకూడదు. ఏ పాఠమూ లేకుండా ముందే రెండు మూడుసార్లు 'చెయ్యెత్తితే ఆగిపోవాలి' అని ఆటలా ఆడించండి.

చివరగా లెసన్ ప్లాన్. 'కృత్యం: బొమ్మ వేయుట' అని రాసి వదిలేయకండి. ఈ పనిలో పిల్లలు ఏ అపోహ బయటపెడతారని అనుకుంటున్నారో, అది బయటపడగానే ఏం అడుగుతారో ఆ రెండూ రాయండి. ముందు రోజు సాయంత్రం తోటి ట్రైనీలతో ఆ పని మీరే ఒకసారి చేసి చూడండి. పెద్దవాళ్ళు కూడా చీమ కాళ్ళను పొట్టకే తగిలిస్తారు, కాబట్టి ఏం అడగాలో మీకు అక్కడే తెలిసిపోతుంది.