భవిష్యత్తు కథల్లో పాత్రలకి బట్టలు: నాకు దారి చూపించింది మిర్చి కోతలు

200 ఏళ్ల తర్వాత జరిగే నవల రాస్తున్నాననీ, పాత్రలకి వెండి రంగు సూట్లు వేయడం ఇష్టం లేదనీ, నిజంగా ఉన్న సంస్కృతుల నుంచి బట్టలు తీసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలనీ అడిగారు. ఆ బట్ట ఎలా కనిపిస్తుందో తర్వాత చూడొచ్చు, ముందు అలా ఎందుకు కట్టుకుంటున్నారో పట్టుకోండి.

మాది విజయవాడ. కొన్నేళ్ల క్రితం స్నేహితులు తీసిన షార్ట్ ఫిల్మ్‌కి బట్టలు నేనే చేశాను. కృష్ణా డెల్టా సముద్రంలో మునిగిపోయాక, మిగిలిన మెరక మీద బతికే జనం కథ. మా ఊరి బట్టల మార్కెట్ వస్త్రలతలో మెరిసే సింథటిక్ గుడ్డ కొని, ఒంటికి పట్టేసే సూట్లు కుట్టించాను. మే నెలలో షూటింగ్. పదిన్నర కూడా కాకముందే హీరోయిన్‌గా వేసిన అమ్మాయికి కళ్లు తిరిగాయి. నీడన కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, సూటు మార్పించాం. వాళ్లమ్మగారి నేత చీర చుట్టుకుని కూర్చుంటే, మా కథలో మనిషి అచ్చం ఇలాగే ఉంటుందనిపించింది. అంత వేడెక్కిన లోకంలో ఆ సూటు ఎవరు వేసుకుంటారు?

సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిర్చి కోతలు చూడ్డానికి వెళ్లాను. ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు. తలకీ ముక్కుకీ కలిపి తువ్వాలు చుడతారు. కాయలు వేసుకోవడానికి నడుముకి ఒడి కడతారు. నాకు బాగా గుర్తున్నది ఒకామె చొక్కా కాలరు: ఎండకి వెలిసి, అంచు పీచులు లేచిపోయి ఉంది. ఎండా, ఘాటూ, చేతులకి గీసుకునే కొమ్మలూ కలిసి తయారుచేసిన బట్ట అది.

మా కథలో ఉన్నది ఉప్పుగాలి. అందుకని కళ్ల కింద దాకా చుట్టుకునే పొడుగాటి నూలు గుడ్డ పెట్టాం. కొస విప్పితే దాంతోనే నీళ్లు వడగట్టుకుంటారు. కుట్టని బట్టలో ఉన్న సుఖం నాకు అప్పుడే బాగా అర్థమైంది. 5.5 మీటర్ల చీర విప్పితే బిడ్డకి ఉయ్యాల, ముడేస్తే మూట. మనిషి లావైనా చిక్కినా సరిపోతుంది. ఊళ్లు మారే జనానికైనా, అంతరిక్ష నౌకలో బరువు లెక్కపెట్టుకునేవాళ్లకైనా ఇంతకంటే ఏం కావాలి!

రంగు ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆలోచించండి. మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీలో గుడ్డని ముందు కరక్కాయ కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లలో అచ్చుని ముంచి గుడ్డ మీద వేస్తే, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నలుపు తేలుతుంది. మా కథలో పెడన కూడా మునిగిపోయింది, కానీ పనితనాన్ని జనం వెంట తెచ్చుకున్నారు. మునిగిన వంతెనల ఇనుముతో నలుపు చేసుకుంటారు. ఎవరి బట్ట ఎంత నల్లగా ఉంటే, ఆ ఇంటివాళ్లు అంత ఇనుము పైకి తెచ్చినట్టు. ఒక్క డైలాగ్ లేకుండా ఊళ్లో ఎవరి స్థానమేంటో చూసేవాళ్లకి తెలిసిపోయింది.

నేను చేసిన ఒక పొరపాటు మీరు చేయకండి. బాగున్నాయి కదా అని లంబాడీ ఆడవాళ్ల నగలు కొన్ని చిన్నపిల్ల పాత్రకి పెట్టాను. మాచర్ల వైపు తండా నుంచి వచ్చిన ఒకావిడ ఫోటో చూసి, "ఇవి పెళ్లయినవాళ్లు పెట్టుకునేవి బాబూ, పిల్లకి పెట్టావేంటి?" అంది. నాకు చాలా బాధేసింది. ఆ సీను తీసేసి మళ్లీ తీశాం. ఇప్పుడైతే వేసుకునేవాళ్లని ముందు అడుగుతాను, వాళ్లు వద్దంటే వదిలేస్తాను.

మీ కథలో జనం ఏం పని చేస్తారో, బట్టలు ఉతుక్కోవడానికి నీళ్లు ఉంటాయో లేదో రాయండి. నీళ్లు లేకపోతే గుడ్డ, రంగు, కట్టు మూడూ మారిపోతాయి. అది తెలిస్తే ఇంకా వివరంగా చెప్పగలను.