పియానో నేర్చుకునేటప్పుడు ఇటాలియన్ పదాలు గుర్తుండాలంటే ఏం చేయాలి?

అనంతపురంలో ఇంట్లోనే కీబోర్డు మీద నేర్చుకుంటున్నానని, అలెగ్రో, క్రెషెండో లాంటి పదాల లిస్టు ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదని అడిగారు.

లిస్టు పక్కన పెట్టేయండి. ముందు శబ్దానికి సంబంధించినవి పట్టుకోండి, ఎందుకంటే అక్కడ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు: పియానో అంటే మెల్లగా, ఫోర్టే అంటే గట్టిగా, మెట్జో అంటే మధ్యస్థంగా, చివర ఇస్సిమో వస్తే చాలా అని. పియానిస్సిమో, మెట్జో ఫోర్టే అన్నీ వీటి కలయికలే. క్రెషెండో మాత్రం వేరు, శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, ఒక్కసారిగా కాదు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి అనే వాద్యాల తయారీదారు పియానో వాద్యాన్ని చేసిందే వేలి ఒత్తిడిని బట్టి శబ్దం మారాలని. అందుకే మీ కీబోర్డుకు టచ్ రెస్పాన్స్ ఉందో లేదో ఈరోజే చూడండి, లేకపోతే ఎలా నొక్కినా ఒకటే శబ్దం వస్తుంది, ఈ పదాలు వేళ్లకు ఎక్కనే ఎక్కవు.

వేగం సంగతికొస్తే, మన కర్ణాటక సంగీతంలో రెండో కాలం అంటే మొదటి కాలానికి సరిగ్గా రెట్టింపు కదా, ఇక్కడ అలాంటి లెక్క లేదు. అండాంటే నడక వేగం, టిక్ టిక్‌మంటూ లయ చూపే మెట్రోనోముల మీద సాధారణంగా 76 నుంచి 108 దాకా (నిమిషానికి ఇన్ని దెబ్బలని) రాసి ఉంటుంది; అలెగ్రో అంతకన్నా చురుకు, అడాజియో నిదానం.

రోజూ వాయించే సి మేజర్ స్కేలునే ఒకరోజు లెగాటోలో స్వరాలు విడిపోకుండా, మర్నాడు స్టకాటోలో తుంచి తుంచి వాయించండి.