కుదురుగా కూర్చోలేకపోవడం జబ్బు ముదరడం కాకపోవచ్చు

మానసిక జబ్బుకు వాడే రిస్పెరిడోన్ మందు డోసు పెంచినప్పటి నుంచి మీ తమ్ముడు హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడని, కంచం ముందు కూడా కుదురుగా కూర్చోవడం లేదని, జబ్బు తిరగబెట్టిందేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. మీరు రాసినదాన్ని బట్టి అది అకతీజియా కావచ్చు, అంటే మందు వల్ల ఒళ్లు, కాళ్లు ఊరుకోనివ్వని అలజడి. రిస్పెరిడోన్ లాంటి మందులు మొదలుపెట్టినప్పుడో డోసు పెంచినప్పుడో ఎక్కువగా కనబడుతుంది. చిక్కేమిటంటే, జబ్బు ముదిరిందనుకుని డోసు ఇంకా పెంచితే ఇది కూడా పెరుగుతుంది.

తమ్ముణ్ణే అడగండి: "భయమేసి తిరుగుతున్నావా, కాళ్లు ఊరుకోనివ్వడం లేదా?" రెండోదంటే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. నిలబడి కాళ్లు మార్చి మార్చి వేస్తుండటం ఫోన్లో వీడియో తీసుకెళ్లండి. ఓపీ రద్దీలో మన వివరణ కన్నా అదే పనికొస్తుంది. మామూలుగా డోసు తగ్గిస్తారు, మందు మారుస్తారు, లేదా ప్రొప్రనొలాల్ ఇస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రొప్రనొలాల్ పడదు, ఉంటే ముందే చెప్పాలి. వణుకుకి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ దీనికి అంతగా పనిచేయదు. బెంగళూరులో ఉంటూ చెప్పడం కష్టమే గానీ, అలజడి పెంచే ఫిల్టర్ కాఫీ తగ్గించి చూడండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

అపాయింట్‌మెంట్ దూరంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ అవస్థ భరించలేక చచ్చిపోవాలనిపిస్తోంది అంటే ఆగొద్దు, హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రి ఎమర్జెన్సీ రాత్రీపగలూ ఉంటుంది. తీవ్ర జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయి, మనుషుల్ని పోల్చుకోలేకపోతే వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, వాడే మందుల చీటీ చూపించండి.