ఎలక్ట్రానిక్స్ సందేహాలు: పోయిన అక్షరాన్ని పట్టుకునేదెలా?

ప్రశ్న: నమస్తే సార్. బీటెక్ ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. డీఈ10-లైట్ ఎఫ్‌పీజీఏ బోర్డుకి (మనం రాసిన సర్క్యూట్‌ని చిప్‌లో నింపుకునే బోర్డు) జీపీఎస్ మాడ్యూల్ కలిపి, 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్లు) ఒక్కో బిట్టుగా డేటా అందుకునే యూఏఆర్‌టీ రిసీవర్‌ని, సర్క్యూట్లు రాసే వెరిలాగ్ భాషలో రాశాను. బాగానే పని చేస్తోంది కానీ అప్పుడప్పుడు వాక్యం మధ్యలో ఒక అక్షరం మాయమవుతోంది. సిగ్నల్‌ట్యాప్ (చిప్ లోపలి సిగ్నళ్లను రికార్డు చేసి చూపే టూల్) పెట్టి చూస్తే 1కే డెప్త్‌లో, అంటే 1,024 శాంపిళ్లకు, ఒట్టి గీత వస్తోంది. 64కే చేస్తే ఒకటో అరో అక్షరం కనిపిస్తోంది, అంతే. రివ్యూ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మా, మీ రిసీవర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక చిన్న లెక్క వేయండి. బోర్డు క్లాక్ 50 మెగాహెర్ట్జ్, అంటే 20 నానోసెకన్లకో శాంపిల్. 1,024 శాంపిళ్లు 20.48 మైక్రోసెకన్లలో నిండిపోతాయి. 9600 బాడ్‌లో ఒక్క బిట్టే 104 మైక్రోసెకన్లు ఉంటుంది. బిట్టులో ఐదో వంతు చూస్తే గీత కాక ఇంకేం కనబడుతుంది? 64కే అంటే 1.31 మిల్లీసెకన్లు. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక అక్షరానికే 1.04 మిల్లీసెకన్లు పోతాయి. 16 సిగ్నళ్లు పెట్టారనుకుంటే ఆ ఒక్క అక్షరం కోసం 10 లక్షలకు పైగా బిట్లు ఖర్చు పెట్టినట్టు. మీ మ్యాక్స్ 10 చిప్‌లో ఉన్న బ్లాక్ మెమరీ మొత్తం 1,638 కిలోబిట్లే. డెప్త్ పెంచుకుంటూ పోతే మీ డిజైన్‌కే చోటు మిగలదు.

మీరు మార్చాల్సింది డెప్త్ కాదు, స్టోరేజ్ క్వాలిఫయర్. అది కంటిన్యువస్ మీద ఉన్నంతకాలం ప్రతి క్లాక్‌కీ ఒక శాంపిల్ దాస్తుంది. కండిషనల్‌కి మార్చితే మీరు చెప్పిన షరతు నిజమైన క్లాక్‌లోనే దాస్తుంది. చాలామంది ఇక్కడ ట్రిగ్గర్‌తో కలిపేసుకుంటారు. రికార్డింగ్‌ని ఏ ఘటన చుట్టూ ఆపాలో ట్రిగ్గర్ చెబుతుంది. ఏ శాంపిల్ మెమరీలోకి వెళ్లాలో క్వాలిఫయర్ చెబుతుంది.

ఇప్పుడు అందరూ చేసే పని, డేటా వ్యాలిడ్ సిగ్నల్ (బైటు పూర్తిగా అందిందని రిసీవర్ చెప్పేది) 1 అయినప్పుడే దాచమనడం. బైటుకో శాంపిల్, 1,024 బైట్లు పడతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మీ ప్రశ్న పోయిన అక్షరం గురించి. దానికి వ్యాలిడ్ రానే రాలేదు కదా! ఈ షరతుతో అది రికార్డులోనే ఉండదు. జీపీఎస్సే పంపలేదేమో అనుకుని మాడ్యూల్ మార్చేస్తారు.

ఈ పొరపాటు నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో 8085 మైక్రోప్రాసెసర్ తో ఒక రిలే కంట్రోలర్ చేశాం. ఎప్పుడో గంటకోసారి ఒక రిలే ఊరికే టక్‌మనేది. ల్యాబ్‌లో హ్యూలెట్ ప్యాకర్డ్ 1650ఏ లాజిక్ ఎనలైజర్ (సిగ్నల్‌ట్యాప్ చేసే పనే బయటినుంచి చేసే పెట్టె) ఉండేది, చానెల్‌కు 1,024 శాంపిళ్లు. బస్ మీది సైకిళ్లన్నీ దాస్తే మిల్లీసెకను చిల్లరలో నిండిపోయేది. అందుకని 20 హెక్స్ పోర్టుకు రాసే సైకిళ్లు మాత్రమే దాచమన్నాను. (8085 పోర్టు నంబరును అడ్రస్ బస్ రెండు సగాల మీదా పెడుతుంది, కాబట్టి ఎనలైజర్‌లో వెతకాల్సింది 2020.) మా ప్రోగ్రాం 10 మిల్లీసెకన్లకోసారి ఆ పోర్టుకు రాసేది, కాబట్టి అదే మెమరీలో పది సెకన్ల చరిత్ర పట్టింది. రిలే టక్‌మనగానే స్టాప్ నొక్కాను. వరసగా 01, 01, 01, మధ్యలో ఒక 4ఏ, మళ్లీ 01. తప్పు విలువ దొరికింది కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేది ఒక్క ముక్క లేదు. రెండు రోజులు ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాను.

మూడో రోజు షరతులో ఇంకొకటి చేర్చాను: 003సీ అడ్రస్ నుంచి ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకున్నప్పుడు కూడా దాచు. ఆర్‌ఎస్‌టీ 7.5 ఇంటరప్ట్ (నడుస్తున్న ప్రోగ్రాంని ఆపి మధ్యలో దూరే రొటీన్) మొదలయ్యేది అక్కడే. టైమ్ ట్యాగ్ కూడా ఆన్ చేశాను. తప్పు విలువ వచ్చిన ప్రతిసారీ దానికి కొన్ని పదుల మైక్రోసెకన్ల ముందే 003సీ ఉంది. ప్రోగ్రాం అక్యుములేటర్ రిజిస్టర్‌లోకి విలువ తెచ్చుకుని పోర్టుకు అవుట్ చేసేలోపు ఇంటరప్ట్ దూరి ఆ విలువను చెరిపేస్తోంది. నేను రాసిన రొటీన్‌లో, అక్యుములేటర్‌ని ముందుగా భద్రపరిచే పుష్ పీఎస్‌డబ్ల్యూ లేదు.

కాబట్టి మీ షరతులో మూడు ఉండాలి: స్టార్ట్ బిట్ కనిపెట్టిన క్షణం, వ్యాలిడ్, ఫ్రేమింగ్ ఎర్రర్ (స్టాప్ బిట్ ఉండాల్సిన చోట లేదని చెప్పేది). మూడింటినీ బేసిక్ ఆర్‌తో (ఏ ఒక్కటి నిజమైనా చాలు) కలపండి. ఒక్కోటి ఒక్క క్లాక్ మాత్రమే 1 గా ఉండేలా చూసుకోండి. ఫ్రేమింగ్ ఎర్రర్ 1 లోనే ఉండిపోతే మళ్లీ ప్రతి క్లాక్‌కీ దాచేస్తుంది. అక్షరానికి రెండు శాంపిళ్లు, అంటే 1కే లో 512 అక్షరాలు, అర సెకనుకు పైగా. జీపీఎస్ వాక్యం 82 అక్షరాలు దాటదు కాబట్టి కనీసం ఆరు వాక్యాలంత డేటా. ట్రిగ్గర్‌ని ఎర్రర్ మీద పెట్టి మధ్యలో ఉంచండి.

షరతు పెట్టాక పక్కపక్కనున్న రెండు శాంపిళ్ల మధ్య ఎంత సమయం గడిచిందో స్క్రీన్ చెప్పదు. అందుకని డిజైన్‌లో 32 బిట్ల కౌంటర్ ఒకటి పెట్టి దాన్ని కూడా ట్యాప్ చేయండి. 50 మెగాహెర్ట్జ్‌లో అది సున్నాకు రావడానికి 85 సెకన్లకు పైగా పడుతుంది. కౌంటర్, డేటా బైటు, మూడు సిగ్నళ్లు కలిపి 43 బిట్లు. వెయ్యి శాంపిళ్లకు 44 వేల బిట్లతో సరి. ట్రాన్సిషనల్ పద్ధతి (సిగ్నల్ మారినప్పుడే దాచేది) వాడాలనిపిస్తే మాత్రం కౌంటర్‌ని మార్పు చూసే జాబితాలోంచి తీసేయండి. అది ప్రతి క్లాక్‌కీ మారుతుంది, ప్రతిదీ దాచేస్తుంది.

క్వాలిఫయర్ రకం మార్చితే మళ్లీ కంపైల్ చేయాలి. షరతులో విలువలు మార్చడానికి అక్కర్లేదు. షరతు అరుదైనదైతే బఫర్ నిండేదాకా అది అలా ఎదురుచూస్తూనే ఉంటుంది, హ్యాంగయిందని కంగారుపడకండి, స్టాప్ నొక్కి ఉన్నంత చూడండి. వివాడో (ఇంకో కంపెనీ ఎఫ్‌పీజీఏల టూల్) వాడే మీ స్నేహితులెవరైనా ఉంటే, అందులో సిగ్నల్‌ట్యాప్ లాంటి ఐఎల్‌ఏ కోర్ తయారు చేసేటప్పుడే క్యాప్చర్ కంట్రోల్ టిక్ చేయాలని చెప్పండి. తర్వాత గుర్తొస్తే మళ్లీ మొదటినుంచీ చేయాలి.

రికార్డులో స్టార్ట్ వచ్చి, వ్యాలిడ్ గానీ ఎర్రర్ గానీ రాకుండా పోయిన అక్షరం కనిపిస్తే, జీపీఎస్ పిన్ నేరుగా స్టేట్ మెషీన్‌లోకి వెళ్తోందేమో చూడండి. అది మీ క్లాక్‌తో సంబంధం లేని సిగ్నల్, రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా రావాలి. దొరికిన రికార్డు పంపండి, కలిసి చూద్దాం.