డీజిల్ ఒలికిన చేనుకు నీరు పెట్టవద్దు, గాలి అందించండి

సందేహం: మాది కోనసీమ. కాలువ గట్టు రోడ్డు మీద ట్యాంకరు బోల్తా పడి, డీజిల్ మా వరి చేనులోకి దిగింది. సుమారు ఎనిమిది సెంట్లలో పైరు మాడిపోయింది. మూడు వారాలు దాటినా నేల వాసన వేస్తూనే ఉంది. నిండా నీరు పెట్టి డ్రెయినులోకి వదిలేయమని కొందరు, పై మట్టి ఎత్తి పారబోయమని కొందరు చెబుతున్నారు. చేను పక్కనున్న నూతి నీటికి కూడా వాసన తగులుతోంది. దాళ్వాకు ఊడ్చుకోవచ్చా?
– ఒక రైతు, కోనసీమ

సలహా: ముందు నూతి సంగతి చూడండి. నేలకు చేసే వైద్యం వారం ఆలస్యమైనా సర్దుకుంటుంది గాని, తాగే నీటి విషయంలో ఒక్క పూట కూడా ఆగకూడదు. వాసన తగిలిందంటే చాలు, ఆ నీటిని తాగడానికి, వంటకు, పశువులకు వాడటం పూర్తిగా మానేయండి. కాచి చల్లార్చితే పోతుందనీ, పటిక వేస్తే తేరుతుందనీ ఎవరైనా చెబితే నమ్మవద్దు. డీజిల్ నుంచి నీటిలో కరిగిన బెంజీన్ వంటి విష పదార్థాలను పటిక పట్టుకోలేదు, కాచితే అవి ఆవిరై వంటింట్లో ఉన్నవారి ఊపిరితిత్తుల్లోకే చేరతాయి.

మోటారు పెట్టి నుయ్యి తోడించాలనే ఆలోచన కూడా వద్దు. డీజిల్ లీటరుకు 830 నుంచి 850 గ్రాములే తూగుతుంది కాబట్టి భూగర్భ జలం మీద తెట్టులా తేలుతుంది. నుయ్యి తోడితే చుట్టూ నీటిమట్టం పడిపోయి, ఆ తెట్టు నూతి వైపే జారి, దిగిన మేరా మట్టికి పూసుకుపోతుంది. తర్వాత నీరు మళ్లీ పైకి ఊరినా మట్టికి అంటిన నూనె అక్కడే చిక్కుకుని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. మీ డెల్టాలో నీటిమట్టం చాలా పైన ఉంటుంది గనుక ఈ ప్రమాదం మెట్ట ప్రాంతాలకన్నా మీకే ఎక్కువ. తోడాలా, ఎక్కడ గుంట తీసి తెట్టును పట్టాలి అన్నది కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం పంపే నిపుణులు తేల్చాలి. వారికీ, రెవెన్యూ అధికారులకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పంచనామా రాయించి, ఫొటోలు దాచుకోండి. శుద్ధి చేయించే ఖర్చు ఒలకబోసిన వారు భరించవలసినదే తప్ప మీరు కాదు.

వరి చేలల్లో రంగురంగుల పొర కనిపించినంత మాత్రాన అదంతా డీజిల్ కానక్కరలేదు. ఇనుము ఎక్కువగా ఉన్న మురుగు నీటిలోనూ అలాంటి పొర కడుతుంది. పుల్లతో కదిపి చూడండి: పలకలు పలకలుగా విరిగి విడిపోతే అది ఇనుము పొర, పుల్ల తీయగానే సుడి తిరిగి మళ్లీ కలిసిపోతే అది నూనె. చేను హద్దులన్నిటా ఇలా చూసుకుంటే ఎంతవరకు పాకిందో తెలుస్తుంది.

ఇక నేల. నీరు పెట్టి కడిగితే మీ ఎనిమిది సెంట్ల కష్టం డ్రెయిను కింది రైతులందరి కష్టమవుతుంది. పైగా డీజిల్‌ను తిని బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చే సూక్ష్మజీవులు మీ మట్టిలోనే ఉన్నాయి. వాటికి గాలి కావాలి. దమ్ము చేసిన చేనులో గాలి ఆడదు, అక్కడ ఈ పని దాదాపు ఆగిపోతుంది. అందువల్ల ముందుగా పంట బోదె మూసి, గట్టు ఎత్తు చేసి, చేనును ఆరనివ్వండి. గుంటల్లో నిలిచిన నూనె మీద మీ ప్రాంతంలో పుష్కలంగా దొరికే కొబ్బరి పొట్టు చల్లితే పీల్చుకుంటుంది. దానిని పొయ్యిలో కాల్చకుండా, కాలువలో వేయకుండా విడిగా మూటగట్టి అధికారులకు అప్పగించండి. పిండితే నూనె కారేంతగా తడిసిన మట్టిని మాత్రమే ఎత్తి, మందపాటి టార్పాలిన్ మీద కుప్ప పోసి, వాన తగలకుండా కప్పి ఉంచండి.

మిగిలిన నేలను పవర్ టిల్లరుతో 15 సెంటీమీటర్ల లోతున వారం పది రోజులకొకసారి తిరగదున్నండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందున నీరు కారకూడదు. తేమ అంతే చాలు. డీజిల్‌లో ఎక్కువ భాగం కర్బనమే కాబట్టి సూక్ష్మజీవులకు నత్రజని, భాస్వరం మనమే అందించాలి. 100 కిలోల కర్బనానికి 10 కిలోల నత్రజని, 1 కిలో భాస్వరం అన్నది లెక్క. ఉదాహరణకు మట్టిలో 100 లీటర్ల డీజిల్ మిగిలిందనుకుంటే అందులో కర్బనం 72 కిలోల వరకు ఉంటుంది. దానికి సుమారు 15 కిలోల యూరియా, 10 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ సరిపోతాయి. యూరియా ఒకేసారి పోస్తే లవణాలు పెరిగి సూక్ష్మజీవులే దెబ్బతింటాయి గనుక ఐదు దఫాలుగా, దఫాకు 3 కిలోల చొప్పున, దున్నేటప్పుడు చల్లండి. బాగా చివికిన పశువుల ఎరువు సెంటుకు 40 కిలోలు కలిపితే నేల గుల్లబారుతుంది. నిప్పు పెట్టడం, సబ్బు పొడి చల్లడం రెండూ హానికరం.

టెరి (ఇంధన, వనరుల పరిశోధన సంస్థ) ఐదు రకాల బ్యాక్టీరియాను మొక్కజొన్న కండెల పొడిలో కలిపి ‘ఆయిల్ జాపర్’ అనే మందును రూపొందించింది. పెద్ద చమురు ఒలుకులకు అది పనికివస్తుంది. మీ ఎనిమిది సెంట్లకు నేలలోని సూక్ష్మజీవులే చాలునని నా అభిప్రాయం. పేరూ ఊరూ లేని పొడులకు డబ్బు పోయకండి.

ఈ దాళ్వాకు ఆ ఎనిమిది సెంట్లలో ఊడ్చవద్దు. మిగతా చేనులో నూనె జాడ లేదని పైన చెప్పిన పరీక్షతో తేల్చుకుని, మధ్య గట్టు వేసుకుని ఊడ్చుకోండి. మూడు నాలుగు నెలలు దున్నాక ఒక కుండీలో ఆ మట్టి, మరొక కుండీలో మంచి మట్టి పోసి, రెండింటిలో ఇరవై చొప్పున పెసర గింజలు వేయండి. మొలక రెండింటిలో సమానంగా వస్తే మొదట జనుము చల్లి నేలలోనే కలియదున్నండి, పశువులకు మాత్రం మేపవద్దు. తినే పంట వేసే ముందు మట్టిలో మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు (డీజిల్ వంటి నూనెల్లో ఉండే పదార్థాలు) ఎంత మిగిలాయో ప్రయోగశాలలో పరీక్షించాలి. నమూనాను ప్లాస్టిక్ సంచిలో కాకుండా గాజు సీసాలో, మూత దాకా నింపి, మంచు పెట్టెలో అదే రోజు పంపండి. నూతి నీటి నమూనా కూడా అలాగే, సీసాలో గాలి బుడగ మిగలకుండా పట్టండి.