దూడ పారుడుకు ముందు ఏలికపాముల మందు, ఆ తర్వాతే ప్రోబయోటిక్

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని 24 రోజులైంది. పెయ్యదూడ. వారం నుంచి బురదరంగులో పారుతోంది, కంపు భరించలేకపోతున్నాం. జ్వరం లేదు. పాలు తాగుతోంది గానీ ఒళ్లు చిక్కి, పొట్ట మాత్రం కుండలా ఉంది. మందుల షాపులో అడిగితే పేగుల్లో మంచి బాక్టీరియా తగ్గిందని ప్రోబయోటిక్ పొడి, యాంటీబయాటిక్ బిళ్లలు, లివర్ టానిక్ ఇచ్చారు. నాలుగు రోజులు వాడినా గుణం లేదు. ఇంట్లోవాళ్లు మజ్జిగ కూడా పోస్తున్నారు. నిరుడు ఇదే గేదె దూడ నెల తిరక్కుండానే పోయింది. పోయేముందు పేడలో వానపాముల్లాంటివి పడ్డాయి. ఇంతకంటే మంచి ప్రోబయోటిక్ ఉంటే చెప్పగలరు.
– ఒక రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: జబ్బు పేరు మీరే రాసి, చివరికి ప్రోబయోటిక్ అడిగారు. నిరుడు పేడలో పడ్డవి వానపాములు కావు, ఏలికపాములు. ఈ దూడకూ అవే ఉన్నాయని నా గట్టి అనుమానం. బురదరంగు పారుడు, కంపు, ఉబ్బిన పొట్ట, జ్వరం లేకపోవడం అన్నీ అటే చూపిస్తున్నాయి. దూడ నోటి దగ్గర వాసన చూడండి, పుల్లగా వస్తే అనుమానం మరింత బలపడుతుంది.

ఈ పాము పిల్లలు తల్లి గేదె కండల్లో దాగి ఉంటాయి. ఈనే సమయానికి పొదుగు చేరి, ముర్రుపాలతోనూ తర్వాతి రోజుల పాలతోనూ దూడ పేగుల్లోకి దిగుతాయి. మూడు వారాలకల్లా పెద్దవై గుడ్లు పెడతాయి. అందుకే చావిడి ఎంత శుభ్రంగా ఉంచినా ఒకే గేదె దూడలు ఏటా పోతుంటాయి.

ఏలికపాములకు వాడే పైపరజిన్ ద్రావణం తీసుకోండి. దూడ బరువు కిలోకు 200 మి.గ్రా. చొప్పున, 40 కిలోల దూడకు 8 గ్రాముల మందు పడాలి. సీసా 45 శాతానిదైతే సుమారు 18 మి.లీ. అవుతుంది. కంపెనీని బట్టి బలం మారుతుంది కాబట్టి సీసా మీద చదివి, మీ పశువైద్యుడితో సరిచూసుకున్నాకే తాగించండి. నాలుక బయటికి లాగి, మెడ పైకెత్తి గొట్టంతో పొయ్యొద్దు. పొలమారి మందు ఊపిరితిత్తుల్లోకి పోతే పాముల కంటే ముందు అదే చంపుతుంది. మూతి భుజం ఎత్తులో ఉంచి, చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా పోయండి. మూడు వారాలకు మరో మోతాదు, ఆ తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి నట్టల మందు.

అయితే ఒక్క జాగ్రత్త. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదలండి. రెండు సెకన్లలో సర్దుకోకపోయినా, కళ్లు లోపలికి పోయినా, ఒంట్లో నీరు అయిపోయినట్లు. అలాంటి దూడకు పాముల మందు పట్టించే ముందు సెలైన్ ఎక్కించాలి. నీరసించిన దూడలో పాములన్నీ ఒక్కసారి చచ్చి పేగుకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. నిలబడి పాలు తాగుతున్న దూడకైతే మనుషుల ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, రోజుకు రెండు మూడుసార్లు, పాలకూ దానికీ రెండు గంటల ఎడం ఉండేలా ఇవ్వండి. పాలల్లో కలపొద్దు, కడుపులో పాలు సరిగా విరగవు. పారుతోందని పాలు మాన్పించొద్దు. రోజుకు నాలుగు లీటర్లు, మూడు నాలుగు విడతలుగా పట్టించండి.

ఇక మీ ప్రోబయోటిక్. ప్యాకెట్ వెనక చదివారా? ఈస్ట్ అని ఉంటే అది నెమరువేసే పెద్ద పశువు పొట్టకు పనికొచ్చే సరుకు. మీ దూడకు ఆ పొట్ట ఇంకా తయారుకాలేదు, పాలు నేరుగా నాలుగో అరలోకి పోతాయి. లాక్టోబాసిల్లస్ (పెరుగు తోడులో ఉండే జాతి మంచి బాక్టీరియా) రకమైతే దూడకు కొంత మేలే, కానీ పుట్టిన మొదటి వారాల్లో రోజూ ఇస్తే పనిచేస్తుందే తప్ప పేగులో పాములు గుత్తులు కట్టాక ఏం చేయగలదు? పైగా అవి బతికున్న సూక్ష్మజీవులు. మే నెల ఎండకు రేకుల షెడ్డులో ఉన్న డబ్బాలో ఎన్ని మిగిలాయో ఆ షాపాయనకైనా తెలుసా? వేణ్నీళ్లలో కలిపితే మిగిలినవీ పోతాయి. మీ ఇంటి మజ్జిగలో తప్పేం లేదు, కానీ అది ఆహారం, మందు కాదు.

మంచి బాక్టీరియా తగ్గిందని పొడి ఇచ్చిన మనిషి, అదే చేత్తో దాన్ని చంపే యాంటీబయాటిక్ బిళ్లలు ఎలా ఇచ్చాడు? ఒక సంచీలో రెండూ అమ్మడం నాకు బిల్లు పెంచే తెలివిగానే కనిపిస్తుంది. లివర్ టానిక్ సరేసరి. యాంటీబయాటిక్ పనిచేసే పారుళ్లు వేరు. మొదటి వారంలో తెల్లగా నీళ్లలా, జ్వరంతో పారితే ఇ.కొలై అనే బాక్టీరియా కావచ్చు, అప్పుడు డాక్టరు రాస్తారు. మూడు వారాలు దాటాక రక్తం, జిగురు పడితే కాక్సిడియా అనే కంటికి కనబడని పేగు పరాన్నజీవి కావచ్చు, దాని మందు వేరు. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లో కేంద్రమే పశువులకు, కోళ్లకు, ఆక్వాకు నిషేధించింది, మనుషులకు చివరి ఆసరాగా మిగిలిన మందని. ఇంట్లో పాత బిళ్లలుంటే పేర్లు చదివి చూడండి.

మందు పట్టించే ముందే నిమ్మకాయంత పేడ డబ్బాలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుడ్లు కనబడతాయి, నా అనుమానమూ తేలిపోతుంది. గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి కాబట్టి దూడ పేడను చావిడికి దూరంగా గోతిలో వేయండి. బిళ్లలు ఆపేసి, పారుడు తగ్గాక కావాలంటే లాక్టోబాసిల్లస్ వారం రోజులు ఇచ్చుకోండి. వచ్చే ఈతకు గేదె ఈనిన రోజే చావిడి గోడ మీద పదో రోజు తేదీ బొగ్గుతో రాసి పెట్టుకోండి. దూడ బాగున్నా, గంతులేస్తున్నా, ఆ రోజు పైపరజిన్ పడాల్సిందే.