అన్నకు సిటిజన్‌షిప్, తమ్ముడికి వీసా... ఇంట్లో రోజూ ట్రంప్ గొడవే

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మావారిది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది హెచ్1బీ ఉన్నవాళ్ల భార్యాభర్తలకు ఇచ్చే హెచ్4, ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. 2015లో గ్రీన్‌కార్డుకు అప్లై చేస్తే ఇంకా రాలేదు. మా బావగారు 2000లో ఇక్కడికి వచ్చారు, ఇప్పుడు సిటిజన్. 2024లో ట్రంప్‌కు ఓటేశారు. 2025 సెప్టెంబరులో మావారు మామయ్యగారి తద్దినానికి తెనాలి వెళ్లి ఉండగా, ట్రంప్ హెచ్1బీ మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారన్న వార్త వచ్చింది. ఆదివారం కార్యం పెట్టుకుని, శనివారమే దొరికిన టికెట్ కొనుక్కుని వచ్చేశారు. తీరా డాలస్‌లో దిగాక, ఆ ఫీజు మాకు వర్తించదని తెలిసింది. బావగారు "చదవకుండానే పరిగెత్తావా?" అని నవ్వారు. దసరా భోజనాల దగ్గర వాదన మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఒక వీడియో పెడితే ఈయన మూడు పెడతారు. ఎనిమిదేళ్ల మా బాబు "మనల్ని పంపించేస్తారా?" అని అడుగుతున్నాడు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్? మావారిని వార్తలు చూడటం మాన్పించమంటారా?

జవాబు: అమ్మా, బావగారు ఎవరికి ఓటేశారన్నది ఆయన ఇష్టం, అందులో నేను తీర్పు చెప్పను. కానీ "చదవకుండా పరిగెత్తావు" అన్న మాట మాత్రం అన్యాయం. ఆ ఫీజు ఉత్తర్వు మీద సంతకం పడింది సెప్టెంబరు 19, శుక్రవారం. అమల్లోకి వచ్చేది శనివారం అర్ధరాత్రి దాటి ఆదివారం రాగానే. ఫీజు ఏటా కట్టాలని ఆ రోజే వాణిజ్య మంత్రి చెప్పారు. ఒకేసారి కట్టాలని, అదీ కొత్త దరఖాస్తులకేనని, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లు వెళ్లి రావచ్చని వైట్‌హౌస్ మర్నాడు వివరణ ఇచ్చింది. ఈలోపు పెద్ద పెద్ద కంపెనీలే తమ ఉద్యోగులకు వెంటనే వెనక్కి రమ్మని మెయిళ్లు పెట్టాయి. లాయర్లకే అర్థం కాని కాగితాన్ని మీవారు తెనాలిలో కూర్చుని అర్థం చేసుకుని ఉండాల్సిందనడం ఏం న్యాయం?

బావగారి వైపు కూడా చూద్దాం. "నేనూ లైన్లో నిలబడే తెచ్చుకున్నాను" అని ఆయన అనొచ్చు. నిజమే, నిలబడ్డారు. కాకపోతే ఆయన వచ్చిన రోజుల్లో ఆ లైను ఇంత పొడుగు లేదు. 2001 నుంచి మూడేళ్లు హెచ్1బీల పరిమితి ఏటా 1,95,000. ఇప్పుడది 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న నిబంధన వల్ల, 2025 చివర్లో భారతీయుల ఈబీ2 (ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక రకం) వరుసలో 2013 నాటి దరఖాస్తుల వంతు నడిచింది. "డెమొక్రాట్లు మాత్రం ఏం ఒరగబెట్టారు?" అని ఆయన అడిగితే అందులోనూ నిజం ఉంది. ఆ ఏడు శాతం ఎత్తేసే బిల్లును 2019లో ప్రతినిధుల సభ 365-65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండింటినీ కలిపి ఒకటి చేసే ఓపిక మాత్రం ఏ పార్టీకీ లేకపోయింది. మీవారి ఎదురుచూపులో రెండు పార్టీల వాటా ఉందన్నమాట. ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ మనమ్మాయే అని ఒకరు, మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ మనావిడే అని ఇంకొకరు ఎంత మురిసినా క్యూ ఒక్క అంగుళం కదలదు.

ఇవన్నీ వాట్సాప్‌లో పెట్టడానికి చెప్పడం లేదు, దయచేసి పెట్టకండి. ఆ ఇద్దరిదీ పార్టీల తగాదా అని నాకు అనిపించడం లేదు. ఒకే వార్త ఒకరికి కాలక్షేపం, ఇంకొకరికి ఇల్లూ ఉద్యోగమూ ఉంటాయా పోతాయా అన్న టెన్షన్. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు చూడండి. బావగారు పిల్లి అని నా ఉద్దేశం కాదు. తన చేతిలో పాస్‌పోర్టు ఉంది కాబట్టి తమ్ముడి భయం ఆయనకు కనపడటం లేదంతే. దాని మీద తండ్రి తద్దినం వదిలేసి వచ్చిన బాధ ఒకటి. అన్నగారు వెళ్లలేదు, వెళ్లిన తమ్ముడు కార్యం చెయ్యకుండా తిరిగొచ్చాడు. ఇద్దరికీ లోపల గుచ్చుకుంటూనే ఉండి ఉంటుంది. దాని గురించి మాట్లాడటం కష్టం. ట్రంప్ గురించి మాట్లాడటం తేలిక.

కాబట్టి మీవారిని ఒక్కరినే అన్నగారి దగ్గరికి పంపండి. మీరూ మీ తోడికోడలూ పక్కన ఉండొద్దు. అత్తగారిని మధ్యవర్తిని అసలే చెయ్యొద్దు. తెనాలిలో కూర్చుని ఫోన్‌లో ఇద్దరి మాటా వినాల్సిన వయసు కాదు ఆవిడది. ఈయన చెప్పాల్సింది కూడా చాలా చిన్నది: "అన్నయ్యా, నాన్న తద్దినం వదిలేసి భయపడుతూ వచ్చాను, నువ్వు నవ్వావు." అంతే. ఫీజు, ఓటు, పార్టీ ఏదీ రాకూడదు. అన్నగారు అటు లాగినా ఈయన వెళ్లకూడదు. తద్దినం ఈసారి ఎవరింట్లో, ఎలా పెట్టుకోవాలో అప్పుడే మాట్లాడుకోవచ్చు.

వార్తలు మాన్పించాలా అంటే, వద్దు. మీ బతుకు వాటి మీదే ఆధారపడి ఉన్నప్పుడు చూడొద్దని ఎలా అంటాం? గ్రీన్‌కార్డు వరుసలో ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్తూ నెలనెలా వచ్చే వీసా బులెటిన్, కంపెనీ లాయర్ పంపే మెయిల్ తప్పకుండా చదవమనండి. రాత్రి పదింటికి టీవీలో అరుచుకునే చర్చలు మాత్రం ఆయన కేసును ఒక్క రోజు కూడా ముందుకు జరపవు.

బాబుకు మాత్రం ఇవాళే చెప్పండి. వాడు అమెరికాలోనే పుట్టి ఉంటే వాడు అక్కడి పౌరుడే. పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద 2025 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు, ఆ ఫిబ్రవరి 19 తర్వాత పుట్టే పిల్లల గురించి. దాన్నీ కోర్టులు వెంటనే అడ్డుకున్నాయి. "నీకేం కాదు, మనం ఎక్కడున్నా కలిసే ఉంటాం" అని ఇద్దరూ పక్కన కూర్చుని చెప్పండి.

ఇంకో మాట. మీ ఉద్యోగం కూడా 2015లో ఒబామా ప్రభుత్వం తెచ్చిన హెచ్4 పని అనుమతి మీదే నడుస్తోంది కదా. ఉత్తరంలో మీ భయం గురించి ఒక్క ముక్క రాయలేదు. అందరినీ సముదాయించే పనిలో పడి, మీరూ భయపడుతున్నారని మీవారికి తెలియనివ్వడం లేదేమో చూసుకోండి.

అంతా చెప్పాక కూడా బావగారు మళ్లీ నవ్వితే, కొన్నాళ్లు ఆదివారం భోజనాలకు వెళ్లకపోయినా తప్పులేదు. గ్రూపును మ్యూట్‌లో పెట్టండి. పిల్లల్ని మాత్రం పెదనాన్న ఇంటికి ఎప్పటిలాగే పంపుతూ ఉండండి.